బెడ్డు ఒకటే, సైట్లు ఆరు

రాత్రి ఒంటిగంట నలభై. వీపు మీద బ్యాగు, చేతిలో చార్జింగ్ అయిపోవస్తున్న ఫోను, ఎదురుగా మూసిన హాస్టల్ తలుపు. తలుపు పక్కన అంకెల తాళం ఉంది కానీ దాని కోడ్ నా దగ్గర లేదు. బెల్లు మూడుసార్లు నొక్కాను. లోపల ఎక్కడో మోగుతున్నట్టు వినిపించింది కానీ ఎవరూ రాలేదు. నా బుకింగులన్నీ తమ్ముడికి కూడా పంపి ఉంచాను. వాడికి ఫోన్ చేసి, మెయిల్లో కోడ్ ఏమైనా ఉందేమో చూడమన్నాను.

వాడు కాసేపు చదివి, "అక్కా, నువ్వు బుక్ చేసింది పదిహేనో తేదీకి" అన్నాడు.

"ఇవాళ పదిహేనే కదరా."

"పన్నెండు దాటింది కాబట్టి పదిహేను. నీకు కావలసింది పద్నాలుగో తేదీ రాత్రి. వాళ్ల లెక్కలో నువ్వు ఈ మధ్యాహ్నం మూడింటికి రావాలి. రిసెప్షన్ రాత్రి పదకొండుకే మూసేస్తారని కింద చిన్న అక్షరాల్లో ఉంది కూడా."

మళ్లీ స్టేషన్‌కి నడిచి, వెయిటింగ్ హాల్లో బ్యాగు మీద తలపెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. నా రైలు అర్ధరాత్రి దాటాక చేరుతుందని నాకు ముందే తెలుసు. టికెట్ మీద చేరే తేదీ ఏది ఉందో అదే తేదీ సైటులో నొక్కేశాను. అర్ధరాత్రి దాటాక చేరేవాళ్లు చేరే తేదీకి కాదు, దానికి ముందు రోజుకి బుక్ చేసుకోవాలి. ఇంత చిన్న విషయం నాకు ఒక రాత్రి నిద్ర పోగొట్టుకుంటేగాని ఎక్కలేదు.

ఆ తప్పు పూర్తిగా నాదే. ఏ సైటునూ అనడానికి లేదు. కానీ అప్పటికి ఇంకా నాలుగు ఊళ్ల బుకింగులు ఉన్నాయి, అవి నాలుగు వేర్వేరు సైట్లలో ఉన్నాయి. నిద్ర పట్టని ఆ రాత్రి ఒక్కొక్క మెయిలూ తెరిచి మొదటిసారి పూర్తిగా చదివాను. చదివేకొద్దీ టెన్షన్ పెరిగింది.

హాస్టల్ అనగానే చదువుకునే పిల్లలుండే హాస్టల్ గుర్తొస్తుంది కాబట్టి ఒక మాట చెప్పాలి. నేను చెప్పేది ప్రయాణికులకు గది కాకుండా గదిలో ఒక బెడ్డు అద్దెకిచ్చే చోట్ల గురించి. ఒక గదిలో నాలుగు నుంచి పన్నెండు దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ బెడ్లు ఒకదానిపై ఒకటి ఉంటాయి. బాత్రూములు, వంటగది అందరికీ కలిపి. ఈ ఆలోచన పుట్టింది కూడా గాలివానలో చిక్కుకున్న వాళ్ల దగ్గరే. 1909లో రిచర్డ్ షిర్‌మాన్ అనే జర్మన్ బడిపంతులు పిల్లల్ని వెంటబెట్టుకుని కాలినడకన వెళ్తుంటే పెద్ద వాన పట్టుకుంది. ఆ రాత్రి ఒక ఊరి బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో బళ్లు ఖాళీగానే ఉంటాయి కదా, తిరిగే పిల్లలకు వాటిల్లో పడక ఇవ్వొచ్చు కదా అని ఆయనకు తోచింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ తెరిచారు. స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఇది ఫోన్లో చదువుకున్నాను. ఆ పంతులుగారికి కనీసం బడి తలుపు తెరిచినవాళ్లున్నారు.

ఇక అసలు సంగతికొస్తే, నెల క్రితం ఈ బుకింగులన్నీ నేను ఎలా చేశానో చెప్పాలి. పంతొమ్మిది రాత్రులు, ఐదు ఊళ్లు. ఆరు సైట్లు పక్కపక్కన తెరిచి, ఒక్కో ఊరికీ అన్నిట్లో వెతికి, ఎక్కడ తక్కువ చూపిస్తే అక్కడ నొక్కాను. చాలా జాగ్రత్తగా చేస్తున్నాననే అనుకున్నాను. ఒక షీటు కూడా తయారుచేశాను, రంగులు వేసి.

అందులో మొదటి తమాషా ఏమిటంటే, ఆరు సైట్లంటే ఆరు కాదు. బుకింగ్.కామ్, అగోడా, కయాక్ మూడూ ఒకే మాతృసంస్థవి, బుకింగ్ హోల్డింగ్స్‌వి. బుకింగ్.కామ్ నెదర్లాండ్స్‌లో 1996లో మొదలైంది, అగోడా 2005లో, తర్వాత అన్నీ ఒకే గూటికి చేరాయి. రేట్లు అన్నిట్లో ఒకేలా ఉండవు, నిజమే. కానీ నేను వాటి మధ్య పోటీ పెట్టి గెలిచాననుకున్న బేరం అన్నదమ్ముల మధ్య పెట్టిన బేరమే. పైగా కయాక్, ట్రివాగో, గూగుల్ లాంటివి ఉన్నది ముఖ్యంగా వెతికిపెట్టడానికి. అక్కడ కనిపించిన రేటు నొక్కితే అది ఇంకెక్కడికో తీసుకెళ్తుంది. ఎక్కడికి తీసుకెళ్తోందో నేను చూసుకోలేదు. ఆ చూసుకోకపోవడం మూడో ఊళ్లో నా కొంప ముంచింది. దాని సంగతి తర్వాత.

రెండో ఊరి బుకింగ్ హాస్టల్‌వరల్డ్‌లో చేశాను. ఇది 1999లో డబ్లిన్‌లో మొదలైంది, హాస్టళ్ల కోసమే ఉన్న సైటు. హోటళ్లతో కలిపి హాస్టళ్లను చూపించే పెద్ద సైట్లకూ దీనికీ తేడా నాకు వాడాకే తెలిసింది. పెద్ద సైట్లలో వెతికితే పేరులో హాస్టల్ అని ఉండి, తీరా చూస్తే చిన్న గదుల లాడ్జీలు చాలా తగిలాయి. ఫిల్టర్లో డార్మ్ బెడ్డు, అంటే అందరూ పంచుకునే గదిలో బెడ్డు, అని పెట్టినా కొన్ని గదులు దూరిపోయేవి. హాస్టళ్ల సైటులో మొదటి ప్రశ్నే బెడ్డు గురించి. ఎన్ని బెడ్ల గది, ఆడవాళ్లకు మాత్రమేనా, కలిపా, బాత్రూము గదిలోనా బయటా అన్నది ముందే కనిపిస్తుంది. ఒంటరిగా వెళ్లే ఆడదానికి ఆ రెండో ప్రశ్న ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. నేను రెండురకాల గదుల్లోనూ ఉన్నాను. భయపడే సంగతులేవీ జరగలేదు కానీ, తలుపు దగ్గర పై బెడ్డు వచ్చిన రోజు మాత్రం నిద్ర సరిగా పట్టలేదు.

అక్కడి రేటింగ్ నన్ను బాగానే బోల్తా కొట్టించింది. పదికి తొమ్మిది పైన ఉందని కళ్లుమూసుకుని బుక్ చేశాను. చేరాక చూస్తే మేడ మీద తెల్లవారుజామున మూడింటి దాకా పాటలు, కేకలు. మర్నాడు అదే పేజీ మళ్లీ తెరిచాను. ఆ సైటులో మొత్తం మార్కు కింద ఏడు వేర్వేరు మార్కులుంటాయి: భద్రత, ఉన్న చోటు, సిబ్బంది, వాతావరణం, శుభ్రత, సౌకర్యాలు, పెట్టిన డబ్బుకు విలువ. నా హాస్టల్‌కి వాతావరణంలో దాదాపు పదికి పది. శుభ్రతలో ఏడున్నర. అన్నీ కలిపి సగటు తీస్తే తొమ్మిది పాయింట్ ఒకటి. వాతావరణం అంటే నేను గాలీ వెలుతురూ అనుకున్నాను. వాళ్ల భాషలో దానర్థం జనం కలిసి సందడి చేయడం. సందడి కోసం వచ్చినవాళ్లు పదికి పది వేశారు, వాళ్ల తప్పేం లేదు. నాకు కావలసింది నిద్ర. ఆ రోజు నుంచి నేను మొత్తం మార్కు చూడను. భద్రత, శుభ్రత చూస్తాను. వాతావరణం మార్కు ఆకాశంలో ఉంటే ఇంకో హాస్టల్ వెతుక్కుంటాను.

రివ్యూలు చదవడంలో కూడా పద్ధతి మార్చాను. ఇదివరకు పైనున్న నాలుగు చదివేదాన్ని. సైటు వాటిని తన ఇష్టప్రకారం పైకి పెడుతుంది కదా. ఇప్పుడు తేదీ వరసలో పెట్టి గత రెండు నెలల్లో వచ్చినవి చదువుతాను, తర్వాత తక్కువ మార్కులు వేసినవి. తక్కువ మార్కుల్లోనూ అన్నీ నమ్మక్కర్లేదు. వాన పడిందని ఒకటి వేసినవాళ్లు కూడా ఉంటారు. నల్లులు, దొంగతనం, లాకర్, వేడినీళ్లు, ఈ మాటలు వెతుకుతాను. నల్లుల మాట మూడు నెలల్లో ఇద్దరు వేర్వేరు మనుషులు రాస్తే ఎంత చవకైనా వద్దు. ఇంకోటి, హాస్టల్ వాళ్లు ఆ రివ్యూకి ఏం జవాబిచ్చారో చూస్తాను. "గది ఖాళీ చేయించి మందు కొట్టించాం" అన్న జవాబుకీ, "మీరే తెచ్చి ఉంటారు" అన్న జవాబుకీ చాలా తేడా ఉంది. ఫొటోలకైతే గూగుల్ మ్యాప్స్‌లో జనం పెట్టినవే చూస్తున్నాను. హాస్టల్ వాళ్ల ఫొటోల్లో ప్రతి గదీ ఫంక్షన్ హాలంత కనిపిస్తుంది.

ఇప్పుడు మూడో ఊరు.

వెతికిపెట్టే సైటులో అన్నిటికన్నా తక్కువ రేటు చూపించిన చోట నొక్కితే, అంతకుముందు నేనెప్పుడూ వినని ఒక సైటు తెరుచుకుంది. పేరు చెప్పను. రేటు మిగతావాటికంటే ఐదో వంతు తక్కువ. నాలుగు రాత్రుల డబ్బు మొత్తం అప్పుడే కట్టమంది, కట్టాను. మెయిల్ వచ్చింది, నంబరు వచ్చింది, అంతా సవ్యంగానే ఉంది. తీరా హాస్టల్‌కి వెళ్తే రిసెప్షన్‌లో అమ్మాయి నా పేరు రెండుసార్లు వెతికి, తల అడ్డంగా ఊపింది. నా దగ్గరున్న నంబరు చూపిస్తే, "ఇది మా నంబరు కాదు, మాకు ఈ సైటుతో సంబంధం లేదు" అంది.

బయట కూర్చుని సైటు వాళ్లకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒకాయన దొరికాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "హాస్టల్ వాళ్లు బెడ్డు లేదని రాసి ఇస్తే డబ్బు తిరిగి ఇవ్వగలం" అన్నాడు. లోపలికెళ్లి ఆ అమ్మాయిని అడిగాను. "మా దగ్గర లేని బుకింగ్‌కి మేం ఎలా రాసిస్తాం?" అంది. ఆమె మాటా న్యాయమే. చివరికి, "ఈ పేరుతో ఈ తేదీలకి మా దగ్గర ఏ బుకింగూ రాలేదు" అని రెండు ముక్కలు మెయిల్ చేయడానికి ఒప్పుకుంది. ఆ మెయిల్ తర్వాత నాకు బంగారమైంది.

జరిగిందేమిటో ఆమే వివరించింది. హాస్టల్ తన బెడ్లను నాలుగైదు పెద్ద సైట్లలో పెడుతుంది. ఎక్కడ ఒకటి అమ్ముడుపోయినా మిగతా అన్నిచోట్లా ఒకటి తగ్గేలా ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్ని చానల్ మేనేజర్ అంటారట. అంతవరకు బాగానే ఉంటుంది. కానీ పెద్ద సైట్ల దగ్గర బెడ్లు తీసుకుని మళ్లీ అమ్మే చిన్న సైట్లు ఇంకో వరసలో ఉంటాయి. కొన్నిసార్లు ఆ వరసలో మూడు చేతులు మారుతుంది. మధ్యలో ఎక్కడ తెగినా, చివర్లో డబ్బు కట్టిన మనిషికి బెడ్డు ఉండదు, మొదట్లో ఉన్న హాస్టల్‌కి ఆ మనిషి ఉన్న సంగతే తెలియదు. నాలాంటివాళ్లు నెలకి ఇద్దరు ముగ్గురు వస్తారని చెప్పింది. నా అదృష్టం కొద్దీ ఆ రోజు ఒక బెడ్డు ఖాళీ ఉంది. రెండోసారి డబ్బు కట్టి పడుకున్నాను.

ఆ రాత్రి పై బెడ్డు మీద పడుకుని నా రంగురంగుల షీటు తెరిచాను. అందులో రేటుకి ఒక వరస ఉంది, రేటింగ్‌కి ఉంది, దూరానికి ఉంది. డబ్బు ఎవరి చేతిలో ఉంది అన్నదానికి వరస లేదు. అదే చేర్చాను. చేర్చి చూస్తే నా బుకింగులు మూడు రకాలుగా విడిపోయాయి. ఒకటి, మొత్తం డబ్బు సైటు ముందే తీసుకున్నది. రెండు, హాస్టల్‌వరల్డ్ లాంటివి, కొంచెం అడ్వాన్సుగా తీసుకుని మిగతాది చేరాక హాస్టల్‌కి కట్టమన్నవి. మూడు, ఇప్పుడు ఏమీ తీసుకోకుండా కార్డు నంబరు మాత్రం ఉంచుకున్నవి. రెండో రకంలో ఏదైనా తేడా వస్తే పోయేది ముఖ్యంగా అడ్వాన్సే. మూడో రకంలో క్యాన్సిల్ చేసే గడువు గుర్తుంచుకోవాలి, అది దాటితే వాళ్ల షరతుల ప్రకారం డబ్బు లాగేసుకుంటారు, గడువులో ఉంటే దిగులు లేదు. ఆ గడువు కూడా హాస్టల్ ఉన్న ఊరి టైము ప్రకారం లెక్క. మొదటి రకంలో మాత్రం తేడా వచ్చినప్పుడు హాస్టల్ సైటు వైపు చూపిస్తుంది, సైటు హాస్టల్ వైపు చూపిస్తుంది, మధ్యలో మనం.

మిగిలిన రెండు ఊళ్ల బుకింగులు ఆ రాత్రే తిరగేశాను. నాలుగో ఊరిది ఇంకా గడువులోనే ఉంది, క్యాన్సిల్ చేశాను. అదే హాస్టల్ సొంత వెబ్‌సైటు వెతికి, నేరుగా వాళ్లకి మెయిల్ రాశాను. ఫలానా తేదీలకి నాకు ఆడవాళ్ల గదిలో కింది బెడ్డు కావాలి, రాత్రి పది దాటాక వస్తాను, తాళం ఎలా తీసుకోవాలి అని. రెండు గంటల్లో జవాబొచ్చింది. రేటు సైటులో ఉన్నంతే. కానీ కింది బెడ్డు రాసి పెట్టారు, ఆలస్యమైతే తలుపు కోడ్ మెసేజ్ చేస్తామన్నారు. సైట్లు తీసుకునే కమిషన్ మిగులుతుంది కాబట్టి కొన్ని హాస్టళ్లు నేరుగా అడిగితే రేటు కూడా తగ్గిస్తాయి. ఒకప్పుడు కొన్ని పెద్ద సైట్లు మా దగ్గరకన్నా తక్కువకి మీ సొంత సైటులో అమ్మకూడదని ఒప్పందాల్లో రాయించుకునేవి. యూరప్‌లో బుకింగ్.కామ్ ఆ షరతు 2024లో తీసేసింది. అయినా చాలా హాస్టళ్లు అలవాటుకొద్దీ అదే రేటు ఉంచుతాయి. నాకు రేటు తగ్గకపోయినా ఫరవాలేదు. జవాబు రాసే మనిషి ఒకరున్నారని తెలిస్తే చాలు.

అలాగని సైట్లు వద్దనడం లేదు. తెలియని ఊళ్లో ఏ హాస్టళ్లున్నాయో, ఎవరు వెళ్లి ఏమన్నారో నాకు సైట్లు లేకపోతే ఎలా తెలుస్తుంది? సైటులో వెతుకుతాను, సైటులో చదువుతాను. ఆ తర్వాత హాస్టల్‌కి ఒక మెయిల్ రాస్తాను. జవాబొస్తే నేరుగా, రాకపోతే అడ్వాన్సు మాత్రమే తీసుకునే సైటులో. జవాబు రాని హాస్టల్‌ని కొన్నిసార్లు వదిలేస్తాను కూడా. ఐదో ఊళ్లో ఊరంతా ఏదో పండగతో నిండిపోయి ఎవరూ జవాబివ్వలేదు. అప్పుడు పెద్ద సైటే ఆదుకుంది.

"ఈ రేటులో ఒక్క బెడ్డే మిగిలింది", "ఇప్పుడు తొమ్మిదిమంది చూస్తున్నారు" అన్న ఎర్ర అక్షరాలకి మాత్రం ఇప్పుడు చెయ్యి వణకదు. 2019లో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ ఇలాంటి వాటి మీద పెద్ద బుకింగ్ సైట్లను నిలదీసింది. ఆ తొమ్మిదిమంది వేరే తేదీలకు చూస్తూ ఉండొచ్చని చెప్పకుండా తొందరపెట్టకూడదంది. ఏ హోటల్ ఎందుకు పైన కనిపిస్తోందో, దాని వెనక కమిషన్ ఉందో కూడా చెప్పాలంది. ఆరు సైట్లు మార్చుకుంటామని ఒప్పుకున్నాయి. మూడో ఊరి బుకింగ్ నేను తొందరపడి నొక్కింది అలాంటి ఒక ఎర్ర లైను చూసే. ఒక్కటే మిగిలిందన్న ఆ సైటు చేతిలో నిజానికి ఒక్క బెడ్డు కూడా లేదు.

రేట్ల విషయంలో నాకు ఆలస్యంగా తెలిసినవి కొన్ని ఉన్నాయి. దుప్పటి, తువ్వాలు, లాకర్ తాళం కొన్నిచోట్ల విడిగా. రెండు రాత్రులు తాళం అద్దెకి తీసుకుని తర్వాత ఒకటి కొనుక్కున్నాను. కొన్ని ఊళ్లలో రాత్రికి ఇంత అని పన్ను ఉంటుంది, అది సైటులో చూపించే రేటులో ఉండకపోవచ్చు, చేరాక కట్టాలి. కొన్ని హాస్టళ్లు వయసు పరిమితి పెడతాయి. యూత్ హాస్టళ్ల అంతర్జాతీయ సమాఖ్య 1932 నుంచీ ఉంది. హాస్టలింగ్ ఇంటర్నేషనల్ పేరుతో వాళ్ల గుర్తున్న చోట్ల సభ్యత్వ కార్డు లేకపోతే రాత్రికి కొంత ఎక్కువ తీసుకోవచ్చు. పంతొమ్మిది రాత్రుల్లో మూడే వాళ్ల దగ్గర ఉన్నాను కాబట్టి నాకు కార్డు గిట్టుబాటు కాలేదు. పదిహేను రాత్రులైతే అయ్యేదేమో. ఇంకోటి, కార్డు గీసేటప్పుడు మెషిన్ మీ డబ్బులోనా, ఇక్కడి డబ్బులోనా అని అడుగుతుంది. మన డబ్బు కనిపిస్తే తెలిసినట్టుంటుంది కదా అని మొదటిసారి అదే నొక్కాను. ఆ మారకం రేటులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది. తర్వాత ఎప్పుడూ అక్కడి డబ్బే నొక్కాను.

నాలుగో ఊరికి రాత్రి పదకొండున్నరకి చేరాను. తేదీ మూడుసార్లు చూసుకున్నాను, తమ్ముడి చేత కూడా చూపించాను. "సరిగ్గానే ఉందక్కా, ఇంక పడుకోనివ్వు" అన్నాడు. తలుపు కోడ్ మెసేజ్‌లో వచ్చింది. రిసెప్షన్ బల్ల మీద నా పేరున్న కవరు, అందులో గది తాళం, బెడ్డు నంబరు. కింది బెడ్డే.

మూడో ఊరి డబ్బు కోసం తిరిగొచ్చాక మొదలుపెట్టాను. సైటుకి నాలుగు మెయిళ్లు రాశాను, నాలుగింటికీ ఒకటే జవాబు. అప్పుడు కార్డిచ్చిన బ్యాంకుకి ఫిర్యాదు చేశాను. కట్టిన సేవ అందలేదని రాసి, సైటు ఇచ్చిన నంబరు, రిసెప్షన్ అమ్మాయి పంపిన రెండు ముక్కల మెయిలు, రెండోసారి కట్టిన రసీదు జతచేశాను. బ్యాంకు ఇంకేమీ అడగలేదు. నలభై ఒక్క రోజులకి డబ్బు తిరిగి వచ్చింది, మారకం తేడాతో కొంచెం తక్కువగా.

ఆ వారమే ఆ సైటు నుంచి కూడా ఒక మెయిల్ వచ్చింది. మా ద్వారా మీరు బస చేసిన నాలుగు రాత్రులు ఎలా గడిచాయి, పదికి ఎన్ని మార్కులు వేస్తారు అని.